వంటయింట్లో అక్షరాభ్యాసం
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల విద్యాగోష్ఠిలో, ప్రత్యేక తరగతి విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు ఒక పాఠశాల జీవితంలో స్వల్పకాలం కాదు. తమిళనాట, చెన్నపట్టణంలో, తెలుగులో అ ఆలు దిద్దించే బడి ఇన్నేళ్లు నిలిచినదంటే దాని వెనుక ఎందరి శ్రమ ఉన్నదో ఈ సంచికలోని పుటలే చెప్పగలవు. ఆ పెద్దలను గురించి మాట్లాడడానికి నాకంటె అర్హులు ఈ సభలో ఉన్నారు. నిర్వాహకులు నన్ను ‘విద్య - విలువలు’ అన్న అంశంపై మాట్లాడమన్నారు. వారి అనుమతితో నేను ఆ అంశాన్ని కొంచెం మార్చుకొన్నాను. నేను వంటను గురించి మాట్లాడతాను. పలక మీద అక్షరం నిలవని పిల్లలకు గిన్నె, గరిటె ఏ విధంగా పలకా బలపమూ అయినవో, నేను కన్నది, చేసినది, తప్పు చేసి దిద్దుకొన్నది మీ ముందు ఉంచుతాను.

ఈ ఆలోచన కొత్తది కాదు

అన్నానికీ బడికీ సంబంధం ఈ నగరంలో శతాబ్దం నాటిది. 1920లో, తెలుగు కుటుంబంలో జన్మించిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉండగా, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పేదపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైనది. 1956లో కామరాజుగారి ప్రభుత్వం, 1982లో ఎం.జి.రామచంద్రన్‌గారి ప్రభుత్వం ఆ పనిని రాష్ట్రమంతటికీ విస్తరింపజేసినవి. ఆ విధంగా ఆకలి తీర్చడానికి అన్నం బడికి వచ్చినది. ఆ అన్నాన్ని వండడమే ఒక పాఠం కావచ్చునన్న ఆలోచన వేరొక దారిన వచ్చినది.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యామహాసభలో గాంధీజీ చేతిపని కేంద్రంగా సాగే విద్యను దేశం ముందుంచారు. చేయి నేర్చినది బుద్ధికి అందుతుందన్నది దాని సారం. రెండేళ్ల తరువాత, 1939లో, మరియా మాంటిస్సోరీ మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చారు. ఆమె పద్ధతిలో పసిపిల్లలు నీళ్లు వంపుతారు, గింజలు ఏరుతారు, బల్ల తుడుస్తారు, కూరగాయలు కోస్తారు. చాలామందికి తెలియని విషయమొకటున్నది. ఆమె తన పరిశోధనను ఆరంభించినది సాధారణ బాలలతో కాదు. రోములో, బుద్ధి ఎదగలేదని సమాజం ప్రక్కకు నెట్టిన పిల్లలతో. వారి వద్ద నేర్చిన దానినే ఆమె తరువాత లోకంలోని పిల్లలందరికీ పంచారు. అనగా మనం వెనుకబడిన వారనుకొన్న పిల్లలే ఒకప్పుడు విద్యాలోకానికి గురువులైనారు.

మన దేశంలో 1984లో సికిందరాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడినది. దాని పేరు తరువాత మారినది. నేడు అది మేధోపరమైన వైకల్యం గల వ్యక్తుల సాధికారత కొరకు పనిచేసే జాతీయ సంస్థ. అంతకు ముందే మన మద్రాసులో ‘మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్’ అనే అంచనా పట్టిక రూపొందినది. అందులో 18 విభాగాలు, ఒక్కొక్క దానిలో 20 చొప్పున 360 అంశాలు. చదువుట, వ్రాయుట, లెక్క అనే మూడింటితో సమానంగా భోజన వేళ పనులు, ఇంటిపనులు కూడా అందులో విభాగాలే. ఆ పట్టికను మొదటిసారి చేతబట్టినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా జ్ఞాపకమున్నది. నాలుగు గోడల మధ్య నేను పాఠం కాదనుకొన్నవన్నీ అందులో పాఠాలే!

నూరు వరకు లెక్క, నాలుగు గ్లాసులు

నా తరగతిలో ఒక బాలుడుండేవాడు. పదమూడేళ్లవాడు. ఒకటి నుండి నూరు వరకు గడగడ అప్పజెప్పేవాడు. వచ్చిన పెద్దల ఎదుట నేను అతనిని నిలబెట్టి చెప్పించేదానను. వారు చప్పట్లు కొట్టేవారు. ఒకరోజు “నాలుగు గ్లాసులు తీసుకొని రా నాయనా” అన్నాను. అతడు అలమరలోని గ్లాసులన్నీ చేతుల్లో పోగు వేసుకొని వచ్చాడు. నాకు సిగ్గు వేసినది. మూడేళ్లుగా నేను నేర్పినది లెక్క కాదు, ఒక పాట.

మరుసటి వారం నుండి మా తరగతిలో మజ్జిగ మొదలైనది. చాపలు పరచి, చాపకు ఒక గ్లాసు పెట్టడం అతని పని. ఒక చాప, ఒక గ్లాసు. ఇంకొక చాప, ఇంకొక గ్లాసు. అంకె నోటి నుండి చేతిలోకి దిగడానికి నాలుగు నెలలు పట్టినది. ఒక శనివారం అతడు అయిదు గ్లాసులు పెట్టి, ఆగి, చుట్టూ చూచి, ఒకటి తిరిగి అలమరలో పెట్టి వచ్చాడు. ఎందుకని అడిగాను. ఆ రోజు రాని పిల్లవాని పేరు చెప్పాడు. తీసివేత అతనికి ఎవరూ నేర్పలేదు. స్నేహితుడు రాకపోవడం నేర్పినది.

మజ్జిగ చేయడం మనకు ఒక పని. ఆ పిల్లలకు అది పది పనులు. చేతులు కడుగుకోవాలి. గిన్నె తేవాలి. గరిటెడు పెరుగు వేయాలి. మూడు గ్లాసుల నీళ్లు పోయాలి. చిటికెడు ఉప్పు వేయాలి. కవ్వంతో చిలకాలి. గ్లాసులలో పోయాలి. అందరికీ ఇవ్వాలి. తాను త్రాగాలి. పాత్రలు కడగాలి. ఈ పదింటిలో ప్రతిదాని వెనుక ఒక పాఠమున్నది. చిటికెడు ఉప్పు తీయడానికి బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలవాలి. పెన్సిలు పట్టడానికి కావలసిన పట్టు అదే. కవ్వం తిప్పడానికి రెండు చేతులూ ఎదురెదురుగా కదలాలి. ఒక ప్రక్క కండరాలు బిగిసిన పిల్లలకు అది మంచి వ్యాయామం. నీళ్లు ఒలకకుండా పోయడానికి కన్ను చేతిని నడపాలి. అందరికీ ఇచ్చిన తరువాత తాను త్రాగడానికి ఓపిక కావాలి. ఈ చివరిది పెద్దలకు కూడా కష్టమే!

చివరి మెట్టు ముందు

పనిని మెట్లుగా విడదీసిన తరువాత ఏ మెట్టు ముందు నేర్పాలన్నది ప్రశ్న. మొదటిది ముందని మనకు తోస్తుంది. ప్రత్యేక విద్యలో తరచుగా దీనికి విలోమంగా సాగుతాం. నిమ్మకాయ పులిహోర తీసుకోండి. అన్నం వార్చి ఆరబెట్టడం, పసుపు కలపడం, తాలింపు వేయడం అన్నీ మేమే చేస్తాం. చివరి పని మాత్రం, నిమ్మరసం పోసి కలపడం, పిల్లవానికి వదులుతాం. ఆ ఒక్కటి చేయగానే పులిహోర సిద్ధం. “ఎవరు చేశారు?” అంటే “నేను!” అంటాడు. అది అబద్ధం కాదు, ముగింపు అతనిదే. తరువాతి వారం చివరి రెండు పనులు, ఆ తరువాత మూడు. ఇట్లా వెనుక నుండి ముందుకు జరుగుతాం. మొదటి మెట్టు నుండి ఆరంభిస్తే పిల్లవాడు బియ్యం కడిగి, పులిహోర ఎప్పుడు వస్తుందో తెలియక లేచిపోతాడు. చివరి నుండి ఆరంభిస్తే ప్రతి పాఠమూ విజయంతోనే ముగుస్తుంది. ఓటమి తప్ప ఎరుగని పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

లెక్కలో భిన్నాలను గురించి ఒక మాట. మన అమ్మమ్మల ఇండ్లలో గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక వరుసగా ఉండేవి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ప్రతి మెట్టూ ముందుదానికి రెట్టింపు. ఈ పాత్రలు ఇంకా ఎవరి ఇంటనైనా అటకమీద ఉంటే దయచేసి పాత ఇనుప సామానుకు వేయకండి. మా తరగతికి ఇవ్వండి. సగమంటే ఏమిటో సుద్దగీతతో చెప్పలేక ఓడిపోయిన నేను, ఒక అరసోల, ఒక సోల, కొంచెం ఇసుక ఇచ్చి గెలిచాను. ఉప్మాకు ఒక గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్లని చెప్పేటప్పుడు గ్లాసు చిన్నదైనా పెద్దదైనా ఒకటే గ్లాసుతో కొలవాలన్నది ముఖ్యం. నిష్పత్తి అంటే అదే. గ్లాసు సగానికి ఒక ఎర్ర పట్టీ అతికిస్తే చదవలేని పిల్లవాడు కూడా సగం కొలుస్తాడు.

ఒక్కొక్కరికి ఒక్కొక్క దారి

‘ప్రత్యేక అవసరాలు’ అన్నది ఒకటే మాట గాని, పిల్లలు ఒకటే రకం కారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినది. నిర్దిష్ట స్థాయి వైకల్యం గల పిల్లలకు ఆరు నుండి పదునెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ప్రకటించినది. ఆ హక్కు తరగతి గదిలో కార్యరూపం దాల్చాలంటే ఎవరికి ఏది అందుతుందో గురువు గమనించాలి.

చూపు లేని పిల్లలకు వంట వినిపిస్తుంది. ఆవాలు చిటపటలాడడం, నూనె కాగడం, ఎసరు తెర్లడం వేర్వేరు ధ్వనులు. గ్లాసు నిండుతున్నకొద్దీ నీటి చప్పుడు సన్నబడుతుంది. చల్లని నీళ్లయితే గ్లాసు అంచు లోపల వ్రేలి కొస ఉంచి కూడా పోయవచ్చు. విస్తరిలో ఉప్పు, ఊరగాయ ఎక్కడ, అన్నం ఎక్కడ అన్న మన వడ్డనక్రమం వారికి దారి చూపే పటం. ఆ క్రమాన్ని ఇంట్లో ఎవరూ మార్చకూడదు. వినికిడి లేని పిల్లలకు వంట కనబడుతుంది. ఆవిరి, రంగు, బుడగలు వారి సంకేతాలు. వారికి కుక్కరు ఈలలు లెక్కించమనకూడదు, గడియారం చూపాలి.

డౌన్ సిండ్రోమ్ గల పిల్లల వ్రేళ్లు పొట్టిగా, కండరాలు మెత్తగా ఉంటాయి. వారికి చపాతి పిండి కలపడం మంచి సాధన. అయితే వారు త్వరగా బరువు పెరుగుతారు; అందుచేత ప్రతి వంట తరగతీ మిఠాయి తరగతి కారాదు. మెదడు పక్షవాతం గల పిల్లలలో కొందరికి మ్రింగడం కష్టం. వారు ఏది ఎంత మెత్తగా తినాలో వైద్యుని అడిగిన తరువాతనే రుచి చూపించాలి.

ఆటిజం గల ఒక అమ్మాయి విషయంలో నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. కుక్కరు ఈల వేయగానే ఆమె చెవులు మూసుకొని బల్ల క్రిందికి దూరేది. అలవాటు కావాలని నేను ఆమె చేయి పట్టుకొని అక్కడే కూర్చోబెట్టాను. ఆ తరువాత ఆరు వారాలు ఆమె ఆ గది గడప త్రొక్కలేదు. ఆ ఈల మనకు చప్పుడు; ఆమెకు దెబ్బ. చివరకు కుక్కరు మానివేసి, గిన్నెలో అన్నం వండి వార్చడం మొదలుపెట్టాము. ఆమె ముందు వరండాలో నిలబడి చూచినది; తరువాత ద్వారం దగ్గర; తరువాత లోపల. బియ్యంలో రాళ్లు ఏరడంలో ఆమెకు సాటి రాగలవారు మా ఉపాధ్యాయులలో కూడా లేరు. మూడు గంటలసేపు కదలక ఒకే పని చేయడాన్ని నేను అంతకు ముందు రోగలక్షణమని వ్రాశాను. ఆ రోజు నుండి ఏకాగ్రత అని వ్రాయసాగాను.

ఇంట్లో రాని విద్య

ఇంకొక తప్పు. ఒక బాలునికి ఉప్మా పూర్తిగా వచ్చినదని పురోగతి పత్రంలో వ్రాసి సంతకం చేశాను. వారం గడిచేసరికి అతని తల్లి ఆ కాగితం చేత పట్టుకొని వచ్చినది. “టీచరమ్మా, మీరు వ్రాసినది చూపించి మా అత్తగారి దగ్గర గొప్పగా చెప్పుకొన్నాను. వాడు పొయ్యి దగ్గర నిలబడి గోడ చూస్తూ ఉండిపోయినాడు. అందరూ నవ్వినారు” అన్నది. నేను వారింటికి వెళ్లాను. మా బడిలో రవ్వ నీలం మూత డబ్బాలో ఉంటుంది. వారింట్లో స్టీలు డబ్బాలో. మా పొయ్యి మీట ఒక వైపు తిరుగుతుంది. వారిది మరొక వైపు. మా గిన్నెకు పిడి ఉన్నది; వారిదానికి పట్టుకారు కావాలి. ఆ బాలుడు నేర్చినది ఉప్మా కాదు, మా గదిలోని ఉప్మా.

అప్పటి నుండి ఇంట్లో చేసేవరకు ఏ పనినీ ‘వచ్చినది’ అని నేను వ్రాయలేదు. ఇంటి డబ్బాలనే బడికి తెమ్మన్నాము. తల్లులను తరగతిలో కూర్చోబెట్టాము. తండ్రులను కూడా పిలిచాము. మొదటి ఏడాది ఇద్దరు వచ్చారు.

జాగ్రత్తలు

నిప్పు దగ్గరకు పిల్లలను చేర్చేటప్పుడు గురువుకు భయముండాలి. భయం లేని గురువు ఈ పనికి తగడు. మొదటి ఆరు నెలలు మేము నిప్పే ముట్టించము. పానకం, వడపప్పు, మజ్జిగ, అటుకుల ప్రసాదం, పండ్లముక్కలు చాలు. కత్తిపీట జోలికి పోము. చిక్కుడుకాయ చేతితో త్రుంచవచ్చు, కొత్తిమీర గిల్లవచ్చు, అరటిపండును మొండికత్తితో కోయవచ్చు. పొయ్యి వద్దకు వెళ్లేవారికి నూలు బట్టలు, వెనుకకు కట్టిన జుట్టు తప్పనిసరి. మూర్ఛవ్యాధి గల పిల్లవానిని పొయ్యి ముందు ఒంటరిగా ఎన్నడూ నిలుపరాదు. కూర్చొని చేసే పనులు అతనికి ఎన్నో ఉన్నవి. కాలితే వెంటనే ఇరవై నిమిషాలు పారే చల్లని నీటి క్రింద ఉంచి, శుభ్రమైన బట్ట కప్పి వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. సిరా, వెన్న, పళ్లపొడి, మంచుముక్క ఏదీ పూయరాదు.

తల్లుల ప్రశ్నలు

ఈ తరగతి ఆరంభించినప్పుడు ఒక తండ్రి నన్ను సూటిగా అడిగారు: “చదువు రాదు కనుక మా పిల్లవానిని వంటవానిని చేస్తారా?” ఆ ప్రశ్నలో బాధ ఉన్నది, కొంత న్యాయమూ ఉన్నది. కొన్ని చోట్ల ఇట్టి పిల్లలకు ‘వృత్తివిద్య’ పేరుతో అతిథులకు కాఫీ అందించడం, సిబ్బంది పాత్రలు కడగడం అప్పగించడం నేను చూచాను. అది విద్య కాదు, ఊడిగం. రెంటికీ తేడా కనిపెట్టడం సులభం. పిల్లవాడు వండినది పిల్లవాడు తింటున్నాడా? తాను ఎన్నుకొంటున్నాడా? ఈ వారం నేర్చినది పోయిన వారం కంటె ఎక్కువగా ఉన్నదా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే అది తరగతి. రాకపోతే ఆపివేయాలి.

వంట మందు కాదని కూడా చెప్పవలసియున్నది. ఇది ఏ వైకల్యాన్నీ మాన్పదు. చదువుకు ప్రత్యామ్నాయమూ కాదు. అక్షరం నేర్వగలిగిన వానికి అక్షరం నేర్పవలసినదే. కొందరు దీనితో ఉపాధి పొందుతున్నారు. వికలాంగులే నడిపే ‘మిట్టీ కెఫే’ అన్న ఫలహారశాల 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలోనే తెరువబడినది. అది మనకు ఆనందం కలిగించే సంగతి. కాని మా విద్యార్థులలో ఎక్కువమందికి అటువంటి అవకాశం రాలేదు. వస్తుందని నేను ఏ తల్లికీ మాట ఇవ్వలేదు. నేను ఇచ్చిన మాట వేరు.

ప్రతి తల్లీ ఏదో ఒక రోజు, అందరూ వెళ్లిన తరువాత, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటున్నది: “మా తరువాత వీడికెవరు?” చట్టపరంగా 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, మెదడు పక్షవాతం, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు గల వారికి సంరక్షకుని నియమించుకొనే దారి చూపినది. ఆ పని తల్లిదండ్రులు తాము ఉండగానే చేయాలి. కాని సంరక్షకుడు వచ్చి కూర్చునే ఇంట్లో, తన కంచంలోకి తాను అన్నం పెట్టుకోగలవాడు వేరు, పెట్టేవారి కొరకు ఎదురుచూచేవాడు వేరు. ఆకలి వేసినప్పుడు రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు మజ్జిగ తానుగా తీసుకోగల మనిషిని ఎవరైనా కొంత గౌరవంతోనే చూస్తారు. నేను ఇచ్చిన మాట అంతవరకే.

ఏ భాషలో?

ఇది తెలుగు బడి కనుక చివరి మాట భాషను గురించి.

మా తరగతికి ఒక అయిదేళ్ల బిడ్డను తీసుకొని వచ్చారు. మాటలు ఆలస్యమైన బిడ్డ. ఎవరో సలహా ఇచ్చారట: “రెండు భాషలైతే బిడ్డకు తికమక. ఇంట్లో తెలుగు మానివేయండి.” తల్లిదండ్రులు ఆ మాట శిరసావహించారు. వచ్చీరాని భాషలో నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకొనేవారు. ఇంట్లో ఒక నాయనమ్మ ఉన్నది. ఆమెకు తెలుగు తప్ప రాదు. మనుమరాలికి కీడు జరుగుతుందన్న భయంతో ఆ వృద్ధురాలు రెండేళ్లపాటు ఆ బిడ్డతో మాట్లాడడమే మానుకొన్నది. ఒకే ఇంట్లో, ఒకే చాపమీద, మౌనంగా.

రెండు భాషలు వినడం వలన ఇటువంటి పిల్లలకు అదనపు హాని కలుగదని వివిధ దేశాలలో డౌన్ సిండ్రోమ్, ఆటిజం గల పిల్లలపై జరిగిన పరిశోధనలు తెలుపుతున్నవి. ఎవరో మాట్లాడే భాష కంటె, ప్రేమతో ఎక్కువగా మాట్లాడే భాష బిడ్డకు మేలు చేస్తుంది. నేను నాయనమ్మను వంట తరగతికి పిలిపించాను. ఆమె వచ్చి పీట వేసుకొని కూర్చొని, కొబ్బరి, బెల్లం కలుపుతూ, చేసే ప్రతి పనికీ పేరు చెప్పసాగినది. తురుము, కలుపు, ఉండ కట్టు, ఊదు, తిను. ప్రతి శనివారం అవే మాటలు, అదే వరుస. మూడవ నెలలో ఒకనాడు ఉండ తిన్న ఆ బిడ్డ నాయనమ్మ వైపు చేయి చాచి “ఇంకొంచెం” అన్నది. ఆ వృద్ధురాలు ఉండ చేతిలో పెట్టి కొంగు కళ్లకద్దుకొన్నది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఇప్పుడా బిడ్డకు తెలుగు, తమిళం రెండూ కొంత వచ్చు. దుకాణంలో పొట్లం మీది తమిళ అక్షరాలను గుర్తు పడుతుంది. తమిళనాట బ్రతికేవారికి అది అవసరమే. ‘ఉప్పు’ అన్న మాట రెండు భాషలలోనూ ఒకటేనని తెలిసిన రోజున ఆమె పడిన సంతోషం ఇంతా అంతా కాదు. మీ ఇంట తాలింపన్నా, పోపన్నా, తిరగమోతన్నా నాకు సమ్మతమే. కాని ఆ మాటను పిల్లలకు వినబడేలా పలకండి. తమిళనాట పెరిగే మన పిల్లలకు తెలుగు వినబడే చివరి చోటు వంటయిల్లే కావచ్చు.

నా విన్నపాలు

తల్లిదండ్రులకు: రోజుకు ఒక పని, ఒకే వేళలో, ఒకే వరుసలో మీ బిడ్డ చేత చేయించండి. ఆలస్యమైతే కానివ్వండి. ఒలికితే గుడ్డ ఇవ్వండి. తుడవడం కూడా పాఠమే. ఆడపిల్ల, మగపిల్లవాడు అనే భేదం చూపకండి. ఆకలికి ఆ భేదం లేదు.

ఉపాధ్యాయ సోదరులకు: వారానికొక గంట మీ సాధారణ తరగతి పిల్లలను మా గదికి పంపండి. ప్రక్క ప్రక్కన కూర్చొని బఠాణీలు ఒలిచిన పిల్లలు మైదానంలో ఒకరినొకరు వెక్కిరించుకోవడం నేను చూడలేదు.

పూర్వ విద్యార్థులకు: ఈ ఉత్సవాల గుర్తుగా మీరు ఏదైనా కట్టించదలచితే, శిలాఫలకంతోపాటు ఒక చిన్న గది కట్టించండి. నడుము ఎత్తుకు తక్కువగా ఒక గట్టు, చక్రాల కుర్చీ చేరగల ద్వారం, రెండు కుళాయిలు, మంచి వెలుతురు చాలు. గోడమీద దాతల పేర్లు వ్రాయించండి, అభ్యంతరం లేదు. క్రింద గట్టు మీద మాత్రం పిల్లల పేర్లున్న డబ్బాలు ఉండనివ్వండి.

నేను ముందు చెప్పిన గ్లాసుల బాలుడు నేడు నడివయసు వాడు. తల్లి గతించినది. అన్నగారి ఇంట ఉంటున్నాడు. క్రిందటి సంక్రాంతికి వారింటికి వెళ్లాను. నన్ను కూర్చోమని, లోపలికి వెళ్లి, మజ్జిగ తెచ్చాడు. ఇంట్లో మేము అయిదుగురము. అయిదు గ్లాసులు తెచ్చాడు. ఉప్పు కొంచెం ఎక్కువైనది. నేను మారు అడిగి త్రాగాను.